‘తెల్లబడ్డ పగడాలు వాటంతటవే కోలుకుంటాయి’ అన్న ఫార్వర్డ్‌కి జవాబు

చెన్నైలో మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా ఉన్న మన్నార్ సింధుశాఖ పగడపు దిబ్బల గురించి. అందులో ఉన్నది ఇంతే: తెల్లబడటం మామూలే, వాటంతటవే కోలుకుంటాయి, రక్షణ పేరుతో జాలర్ల పొట్ట కొడుతున్నారు, భూమే వేడెక్కుతుంటే ఇక్కడ కాపలా దండగ, అయినా అవి రాళ్లే కదా.

కోలుకుంటాయన్నది సగం నిజం, అందుకే జనం నమ్ముతున్నారు. పగడపు జీవి ఒంట్లో సూక్ష్మమైన శైవలాలు (కంటికి కనిపించనంత చిన్న నాచు) ఉంటాయి. దాని తిండిలో ఎక్కువ భాగం అవే తయారుచేసి పెడతాయి. వేసవి గరిష్ఠం కన్నా నీళ్లు ఒక్క డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాలు ఉంటే చాలు, పగడం వాటిని బయటికి నెట్టేసి తెల్లబడుతుంది. అప్పటికి ఇంకా చావదు. నీళ్లు త్వరగా చల్లబడితే శైవలాలు తిరిగొస్తాయి. కానీ ఫార్వర్డ్ రాసినవాళ్లు తేదీలు చూడలేదు. ఇక్కడ పెద్ద దెబ్బలు 1998లో, 2010లో, 2016లో తగిలాయి. పన్నెండేళ్ల ఎడం కాస్తా ఆరేళ్లయింది. 2016 దెబ్బకి సజీవ పగడాల విస్తీర్ణం సుమారు 39 శాతం నుంచి 23 శాతానికి పడిపోయింది. గుండ్రాళ్లలా పెరిగే రకాలు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. ఒక జ్వరం నుంచి తేరుకోకముందే ఇంకోటి వస్తుంటే ఎప్పుడు కోలుకోవాలి?

జాలర్ల మాట. చేపపిల్లలు పెరిగేది ఈ దిబ్బల్లోనే, వాళ్ల ఊళ్లమీదికి వచ్చే అలల జోరు తగ్గించేదీ ఇవే. సున్నం కోసం, కట్టడాల కోసం ఏళ్ల తరబడి పగడాలు తవ్వేశారు, ఈ సింధుశాఖలోని 21 దీవుల్లో రెండు మునిగిపోయాయి. పాంబన్ వైపు నాచు ఏరుకునే ఆడవాళ్లయితే నెలకి 12 రోజులే ఏరాలని తమకి తామే కట్టడి పెట్టుకున్నారు. వాళ్ల తరఫున మాట్లాడేవాళ్లకి ఇది తెలిసినట్టు లేదు.

కాపలా దండగేమీ కాదు. తవ్వకం ఆగాక దిబ్బలు కొంత తేరుకున్నాయి. సాగు కోసం బయటి నుంచి తెచ్చిన కప్పాఫైకస్ నాచు 2008లో కురుసడై దీవి దగ్గర పగడాలను కప్పేసిందని తేలింది, దాన్ని చేత్తో పీకాల్సిందే. మురుగు, బురద, లంగర్లు, అడుగు ఊడ్చే ట్రాలర్ వలలు తగ్గితే వేడికి తట్టుకునే ఓపిక పెరుగుతుంది. అయితే భూతాపం 2 డిగ్రీలకి చేరితే ఎంత కాపలా పెట్టినా దాదాపు ఏవీ నిలవవు, ఆ మాట కూడా దాచకూడదు. ఆ లెక్కన కర్బన ఉద్గారాలు తగ్గించమని అడగాలి గానీ కాపలా తీసేయమంటారా?

ఇక ‘రాళ్లే కదా’ అన్నది. గట్టి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, పులి ఉన్న జాబితాలోనే చేర్చారు. రామేశ్వరం వెళ్లి గుర్తుగా ఒక ముక్క సంచిలో వేసుకొచ్చినా నేరమే.