నా బండికి పనికిరాని డెల్టా

గోదావరి డెల్టా గురించి ఇంతవరకు ఎవరూ బయటికి చెప్పని ఒక నిజాన్ని, ఈ నేల మీదే పుట్టి పెరిగినవాడిగా, బరువెక్కిన గుండెతో చెప్పవలసి వస్తోంది. ఇది మోటారు సైకిలు నడపదగిన ప్రాంతం కాదు. హ్యాండిలుకు బీరకాయల సంచి తగిలించుకుని సంత నుంచి వచ్చే బండి సంగతి కాదు నేను చెబుతున్నది. యూరప్ బండి సంగతి. రెండేళ్ల కిందట కొన్నాను. ఏ దేశానిదో, ఏ కంపెనీదో చెప్పను. వారంటీ ఇంకా కొంత మిగిలి ఉంది. ఈ రెండేళ్లలో అది ఆగిపోయిన ప్రతిసారీ కారణం ఏమిటని నిష్పక్షపాతంగా విచారించాను. ప్రతిసారీ తప్పు డెల్టాదేనని తేలింది.

కొనడానికి నాకు ధైర్యం ఇచ్చినవాడు కాటన్ దొర. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి ఆయన దారిన ఆయన వెళ్లాడు. 1982లో కొత్త బ్యారేజీ పూర్తయ్యేదాకా ఆ ఆనకట్టే మనకు అన్నం పెట్టింది. గోదావరి స్నానం చేస్తూ ఆయనను తలుచుకునే పురోహితులున్న నేల ఇది. యూరప్ వాడు ఒకసారి బిగించాడంటే మూడు తరాల వరకు పానా పట్టనక్కర్లేదని మా మామగారికి విన్నవించాను. "అల్లుడుగారూ, ఆ ఆనకట్టకు రాయి ధవళేశ్వరం కొండది, కష్టం మన కూలీలది. మీ బండిలో మనది ఏముంటుంది?" అని అడిగారాయన. "డబ్బు" అన్నాను. నిజానికి అది కూడా ఆయనదే.

ఆ డబ్బంతా బండికే వెళ్లిందని కూడా చెప్పలేను. నేను కొన్న రోజుల్లో 350 సీసీ దాటిన బండికి జీఎస్టీ, సెస్సు కలిపి 31 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి దాన్ని 40 శాతం చేశారు. 350 లోపు వాటికి 18కి దించారు. నా బండి ఇప్పుడు గ్యాసు నింపిన కూల్‌డ్రింకుల వరుసలో కూర్చుంది. చాలామంది యజమానులు దీన్ని అన్యాయం అంటున్నారు. నేను అనను. ప్రభుత్వం మన వ్యసనాన్ని వ్యసనంగా గుర్తించడం కూడా ఒక గౌరవమే.

నా మొదటి అభ్యంతరం ప్రజల మీద. బండి ఎక్కడ ఆపినా చుట్టూ నలుగురు చేరతారు. చేరినవారు ముందు చక్రానికున్న జంట డిస్కులు చూడరు, ఫ్రేము మీది వెల్డింగు చూడరు. "ఎంత ఇస్తుందండీ?" అంటారు. డెల్టాలో ప్రతిదీ ఏదో ఒకటి ఇచ్చి తీరాలి. ఎకరం బస్తాలిస్తుంది, గేదె పాలిస్తుంది, కొబ్బరిచెట్టు దింపుకు ఇన్ని కాయలని ఇస్తుంది, చెరువు టన్నుల లెక్కన రొయ్యలిస్తుంది. ఇవ్వకుండా తీసుకునేది అల్లుడు ఒక్కడేననీ, ఇప్పుడు ఆయనకు ఒక బండి తోడైందనీ మా మామగారు పెళ్లిళ్లలో చెబుతున్నట్టు తెలిసింది. "ఇరవై" అని నేను నిజం చెప్పగానే ఆ గుంపు మీద ఒక నిశ్శబ్దం పడుతుంది. పరామర్శకు వచ్చినవాళ్లు కాసేపు పాటించే నిశ్శబ్దం అది. తరువాత వాళ్లలో పెద్దవాడు నా భుజం తట్టి వెళ్లిపోతాడు.

ఇక రోడ్లు. నా బండిలో ఇంజనీర్లు వాన మోడ్ పెట్టారు, రోడ్ మోడ్ పెట్టారు, స్పోర్ట్ మోడ్ పెట్టారు. సార్వా మోడ్, దాళ్వా మోడ్ పెట్టలేదు. కోతలు అవ్వగానే మన రోడ్డులో సగం కళ్లమైపోతుంది. ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. వెనక చక్రం జారుతోందో లేదో క్షణక్షణం లెక్కగట్టే ట్రాక్షన్ కంట్రోల్, ఆ గింజల మీదికి రాగానే ఏదో మంచుకొండ ఎక్కుతున్నామనుకుని దీపం టపటపలాడించి ఇంజను గొంతు నొక్కేస్తుంది. వరి అంటే ఏమిటో దానికి ఎవరూ చెప్పలేదు. ధాన్యం దగ్గర కాపలా కూర్చున్న పెద్దాయన కోప్పడతాడేమోనని ఆగి క్షమాపణ చెప్పబోయాను. ఆయన నా టైరు గాడులు పరీక్షగా చూసి, "బాబూ, ఇంకో రెండుసార్లు అటూ ఇటూ తిరగండి, గింజ బాగా తిరగబడుతోంది" అన్నాడు. తిరిగాను. రెండేళ్లలో నా బండి చేసిన ఉత్పాదక శ్రమ అదొక్కటే.

ఆరో గేరును ఇప్పటికి రెండుసార్లు చూశాను, రెండుసార్లూ సిద్ధాంతం వంతెన మీద. మిగిలిన కాలమంతా గడ్డి ట్రాక్టరు వెనక రెండో గేరే. ట్రాక్టరు తప్పుకుంటే రొయ్యల లారీ వస్తుంది. అది దారి పొడవునా ఐసు కరిగిన నీళ్లు చల్లుకుంటూ పోతుంది. ఆ నీళ్లకు సముద్రపు గాలి తోడై నా బోల్టుల తలల మీద పూసిన తుప్పును చూసి, కుంకుడుకాయ రసం రాయమని మా అత్తగారు సలహా ఇచ్చారు. చెబితే నవ్వుతారు గానీ, రాశాను.

నల్లరేగడి మరో కుట్ర. రెండు వందల కిలోల పైచిలుకు బరువున్న బండిని సైడ్ స్టాండ్ మీద నిలబెట్టి, టీ తాగి వచ్చేసరికి అది మట్టిలోకి దిగి నిద్రపోతున్న ఏనుగులా పక్కకు ఒరిగి ఉంటుంది. స్టాండు కింద బిగించుకునే వెడల్పాటి అల్యూమినియం పాదం ఒకటి విదేశాల్లో అమ్ముతారు. దాని దిగుమతి ధర లెక్కగడుతుండగా, మా తోటలో కాయలు వలిచే మనిషి ఒక కొబ్బరి డొక్క తెచ్చి కింద పెట్టాడు. ఈనాటి వరకు అదే. బండికి నేను చేర్చిన వస్తువుల్లో చెడిపోనిదీ, బిల్లు లేనిదీ అదొక్కటే కావడం వల్ల, తోటి యజమానుల కంట పడకుండా సీటు వెనక సంచిలో దాచి తిరుగుతున్నాను.

చట్టం కూడా నా పక్షాన లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది ఏమంటుందంటే, వెనక కూర్చున్న మనిషి బట్టలు చక్రంలో చిక్కుకోకుండా మోటారు సైకిలుకు అడ్డు ఉండాలి. ఎంతటి దొరల బండి అయినా ఈ దేశంలో అమ్మాలంటే చీర గార్డు కట్టుకుని రావలసిందే. మూడు వందల కిలోమీటర్ల వేగం కోసం గాలి సొరంగంలో చెక్కిన బండికి కూడా పక్కన ఒక ఇనప తడిక. యూరప్ మన ఆడపడుచుల చీర ముందు తలవంచిన ఏకైక సందర్భం ఇది. మన ఉత్సాహవంతులు బండి ఇంటికి తెచ్చిన రోజే చేసే మొదటి పని ఆ తడిక ఊడదీయడం. నేనూ ఊడదీశాను. అప్పటి నుంచి మా ఆవిడ బస్సులో వెళ్తోంది.

అసలు దుఃఖం మరమ్మతు దగ్గర మొదలవుతుంది. మా ఊరి మెకానిక్కు షెడ్డు కాలువ గట్టు మీద ఉంది. ఆయన స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటాడు. నా బండిని అలా విని, "ఏ రోగమూ లేదు" అన్నాడు. కానీ మీటరులో ఇంజను బొమ్మ పసుపుపచ్చగా వెలుగుతోంది. అది ఎందుకు వెలుగుతోందో తెలియాలంటే కంప్యూటర్ తగిలించాలి. ఆ కంప్యూటర్ నాలుగు వందల కిలోమీటర్ల అవతల, హైదరాబాదులో, గాజు అద్దాల గదిలో ఉంది. కొన్నచోటి నుంచి ఇంటికి నాలుగు వందలు, వెయ్యి కిలోమీటర్లకు చేయించవలసిన మొదటి సర్వీసుకు తిరిగి నాలుగు వందలు. మధ్యలో నా సంతోషం కోసం నేను నడుపుకున్నది రెండు వందలు. అందులో నూట ఎనభై ఆ గడ్డి ట్రాక్టరు వెనకే.

సరే, వెళ్లాను. వైరు తగిలించారు, దీపం ఆర్పారు, బిల్లు వేశారు. తిరుగు ప్రయాణంలో రావులపాలెం దాటగానే దీపం మళ్లీ వెలిగింది. ఫోను చేస్తే, "తేమ వల్ల కావచ్చు సార్. మీ ప్రాంతంలో తేమ ఎక్కువా?" అని అడిగారు. నేను నిలబడి ఉన్నది కోనసీమలో. అటు గౌతమి, ఇటు వశిష్ఠ, కింద సముద్రం, మధ్యలో కాలువలు, పైన ఆ రోజు వాన. "కొంచెం" అన్నాను. ఇంట్లో ఆ దీపాన్ని ఇప్పుడు అఖండదీపంగా భావిస్తున్నాం. ఒకరోజు అది దానంతట అదే ఆరిపోతే మా అత్తగారు కంగారు పడ్డారు.

మెకానిక్కుకూ నాకూ సిద్ధాంతపరమైన విభేదాలు కూడా ఉన్నాయి. అందరూ ఇంజను వాల్వును స్ప్రింగుతో మూస్తారు. ఇటలీలో బొలోన్యా నగరపు డుకాటి కంపెనీలో ఫాబియో తాల్యోని అనే మహానుభావుడు 1956లో రేసు బండికి స్ప్రింగు మీద భారం వేయకుండా, తెరవడానికి ఒక మీట, మూయడానికి ఇంకో మీట పెట్టాడు. ఎంత వేగంలోనైనా వాల్వు సమయానికి మూసుకుంటుంది. బదులుగా రెండువైపులా సందులు కొలిచి సరిచేయాలి. నేను ఈ కథ చెబుతూ కళ్లు తుడుచుకుంటుంటే, మా మెకానిక్కు "తలుపు తీయడానికి ఒకడు, వేయడానికి ఇంకొకడా? ఇద్దరికీ జీతం ఎవరిస్తారు?" అన్నాడు. 2020లో ఆ కంపెనీయే మల్టీస్ట్రాడా వీ4 అనే బండిలో మామూలు స్ప్రింగులకు వచ్చేసి, వాల్వులు 60,000 కిలోమీటర్లకోసారి చూసుకుంటే చాలని ప్రకటించింది. భక్తులు నొచ్చుకున్నారు. అరవై వేల కిలోమీటర్ల పాటు ఏ బాధా పెట్టని దాన్ని యూరప్ బండి అని ఎలా పిలవాలి?

విడిభాగాల గురించి డెల్టావాసులకు వేరే ఉపమానం అక్కర్లేదు. సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదుకుంటూ వచ్చే పులస, ఈదే కొద్దీ రుచి పెంచుకుంటుందంటారు. నా క్లచ్ ప్లేట్లు కూడా సముద్రం దాటి ఎదురీదుకుంటూనే వచ్చాయి. ఓడరేవు దగ్గర కొంత, గిడ్డంగి దగ్గర కొంత, కొరియరు దగ్గర కొంత ధర పెంచుకుంటూ. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న మాట విన్న మనకు ఆ బిల్లు వింతేమీ కాదు. పులసలు వచ్చే ఆగస్టులోనే ఇటలీవారు ఫ్యాక్టరీలకు తాళాలు వేసి సముద్రతీరానికి వెళ్తారు. వాళ్ల పెద్ద సెలవు ఆగస్టు 15. మనకు స్వాతంత్ర్యం వచ్చిన రోజున వాళ్లకు పని నుంచి స్వాతంత్ర్యం.

పెట్రోలు కూడా చెప్పాలి. ఇప్పుడు దానిలో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఆ ఇథనాల్‌ను చెరకుతోనే కాదు, నూకలతోనూ తీస్తారు. నూకల జావ తాగించి నా బండిని పాడుచేస్తున్నారని వాపోతే, "ఇన్నాళ్లకు మన ఇంటి తిండికి అలవాటు పడుతోంది" అని మామగారు సంతోషించారు.

యూరప్ బండి మన ఊళ్లకు కొత్తా అని అడిగేవారున్నారు. ఇది నన్ను ఇరుకున పెట్టే ప్రశ్న. పాలు పోసే ఆయన రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని తిరిగిన రాజ్‌దూత్, నిజానికి పోలండు దేశపు ఎస్‌హెచ్‌ఎల్ ఎం11. లెక్కల మాస్టారు నడిపిన యెజ్డీ, చెకోస్లోవేకియా జావాకు మైసూరులో పుట్టిన బిడ్డ. 1996 దాకా అక్కడ తయారైంది. కిక్కు కొట్టిన రాడ్డునే తిప్పి గేరు వేసుకునేవారు. మోతుబరి బుల్లెట్ ఇంగ్లండుది. 1955లో మద్రాసు వచ్చి, పుట్టింట్లో కంపెనీ మూతపడ్డాక కూడా ఇక్కడ కాపురం చేస్తూనే ఉంది. అంటే మా చిన్నప్పుడు ఒక్క వీధిలోనే మూడు యూరప్ దేశాలు తిరిగేవి. ఎవరూ వాటిని అలా పిలవలేదు. కిరోసిన్‌తో కడిగి, సైకిలు ట్యూబు ముక్క కోసి వాషరు వేసి, సుత్తితో రెండు దెబ్బలు వేస్తే నడిచేవి. ఎంత అపచారం! నా బండి మడి కట్టుకున్న బండి. ఊరి పానా తగిలితే మైలపడిపోతుంది.

కుర్రవాళ్లు ఆరెంజి రంగు కేటీఎంల మీద నన్ను దాటి పోతూ, తామూ యూరప్ వారమే అన్నట్టు చెయ్యి ఊపుతారు. అవి పుణే పక్కన చాకన్‌లో తయారవుతాయి, విడిభాగాలు భీమవరంలోనే దొరుకుతాయి. అలాంటి వాటిని నేను లెక్కలోకి తీసుకోను. అయితే 2024 నవంబరులో ఆస్ట్రియాలోని అసలు కేటీఎం దివాలా ప్రక్రియకు వెళ్లినప్పుడు డబ్బు పెట్టి నిలబెట్టినది, మన షేర్ ఆటోలు తయారుచేసే బజాజ్. ఆ వార్త చదివిన నాటి నుంచి, పన్నెండు మందిని ఎక్కించుకుని నా ముందు హఠాత్తుగా ఆగే ఆటో మీద హారన్ కొట్టడం మానేశాను. ఎవరి వెనక ఏ దొర బతుకుతున్నాడో చెప్పలేం.

కాబట్టి ప్రభుత్వం వెంటనే డెల్టాలో తేమ తగ్గించాలనీ, నల్లరేగడిని గట్టిపరచాలనీ, గడ్డిని రైళ్లలో తరలించాలనీ ఒక అర్జీ రాసి పెట్టుకున్నాను. ఇవ్వడానికి బయలుదేరిన రోజున గోదావరి వచ్చింది.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. ఊరంతా ఫోన్లలో ఆ అంకె చూస్తుంటే, నేను నా పార్సిలు ఎక్కడిదాకా వచ్చిందో చూస్తున్నాను. చీకటి పడేసరికి వీధిలోకి నీళ్లు వచ్చాయి. గేదెలను గట్టు మీదికి తోలుకుపోతున్నవాళ్లే నలుగురు పాపం నా బండిని కూడా తోశారు. రెండు గేదెల మధ్య జాగా చూసి, డొక్క వేసి నిలబెట్టి, పైన నీలం బరకం కప్పాను. తెల్లవారుజామున గడ్డి పంచేవాళ్లు వచ్చారు. పాలిథీన్ కవరులో పుస్తకం పెట్టుకున్న కుర్రవాడు ఒక్కొక్క గేదె దగ్గర ఆగి రాసుకుంటూ, వానలో మసక మసకగా కనిపిస్తున్న నా బరకం దగ్గరికి వచ్చాడు.

"ఇది ఎంత ఇస్తుందండీ?"

"ఇరవై" అన్నాను, అలవాటు కొద్దీ.

అతను తల ఎత్తి మొదటిసారి నా బండిని గౌరవంగా చూశాడు. "పూటకా?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా రాసుకుని, మా వైపు రెండు మోపులు దించమని కేకేశాడు.