ప్రజ్ఞాన్‌ను విఫలమైందనడం సరికాదు

చంద్రుడిపై తిరిగిన రోవర్ల గురించిన ఈ వ్యాసంలో, మన చంద్రయాన్-3 రోవర్ ప్రజ్ఞాన్ రెండు వారాలకే మూగబోవడాన్ని వైఫల్యంగా పేర్కొనడం నాకు సమంజసంగా తోచలేదు. 26 కిలోల ఆ బండిని తయారు చేసిందే ఒక్క చాంద్ర పగటి కోసం, అంటే మన లెక్కలో సుమారు 14 రోజుల కోసం. 1970లో దిగిన సోవియట్ లూనోఖోద్-1 నెలల తరబడి పనిచేసిందంటే, గడ్డకట్టే రాత్రుల్లో దానిని రేడియోధార్మిక మూలకమైన పొలోనియం వేడి కాపాడింది, ప్రజ్ఞాన్‌కు అటువంటి ఏర్పాటు లేదు.

ప్రజ్ఞాన్ నడక అయిన సెకనుకు ఒక సెంటీమీటరు వేగమంటే ఎంతో తెలియజెప్పడానికి, చంద్రగిరిలోని మా బడి వరండాలో 10 మీటర్ల దూరం గీత గీసి, అగ్గిపెట్టెకు దారం కట్టి పిల్లలచేత లాగించాను. పావుగంట గడిచినా అది చివరి స్తంభాన్ని చేరలేదు (ముందుగా ఓపిక నశించింది నాకే). ఆ నడకతోనే ప్రజ్ఞాన్ దాదాపు 100 మీటర్లు తిరిగి, దక్షిణ ధ్రువానికి చేరువలోని మట్టిలో గంధకాన్ని గుర్తించింది. 4 మీటర్ల వెడల్పు గొయ్యి ఎదురైతే వెనుదిరిగి వేరే దారి పట్టింది.

శ్రీహరికోట ఉన్నది మా తిరుపతి జిల్లాలోనే కాబట్టి ఇక్కడి పిల్లలు ఇటువంటి వ్యాసాలను శ్రద్ధగా చదువుతారు. ఆ ఒక్క వాక్యాన్ని సవరించవలసిందిగా కోరుతున్నాను.