జవాబు ఆమెనే చెప్పనివ్వండి

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఒక బస్‌స్టాప్. తిట్టు కూడా. విశాఖలో చినవాల్తేరుదీ అదే గతి. రెండు చోట్లా ఉన్నవి మానసిక వైద్యశాలలు మరి. స్నేహితుల మధ్య 'నిన్ను ఎర్రగడ్డలో చేర్పించాలిరా' అంటే నవ్వులాట. డిప్రెషన్‌కో, అతి ఉత్సాహం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే బైపోలార్‌కో రోజూ మాత్రలు వేసుకునే భార్యతో భర్త అదే మాట అంటే బెదిరింపు.

మానసిక వైద్యశాల ఓపీలో ఒక పూట కూర్చుంటే చాలు, ఇలాంటిది కంటపడుతుంది. 'నిద్ర పడుతోందా అమ్మా?' అని డాక్టర్ అడుగుతారు. 'ఎక్కడ సార్, రాత్రంతా ఇల్లంతా తిరుగుతుంది' అని పక్కనున్న భర్త అందుకుంటాడు. ఫైలు, మందుల చీటీ అతని చేతిలో ఉంటాయి. ఆమె ఫోను అతని జేబులో ఉంటుంది. ఆమె కొంగు చివర మడతపెడుతూ, విప్పుతూ కూర్చుంటుంది. వెనక క్యూ పొడవుగా ఉంది. డాక్టర్ చీటీ రాసేస్తారు.

అతను అబద్ధం చెప్పాడని మేం అనడం లేదు. ఉద్యోగాలు వదులుకుని, అప్పులు చేసి, ఏళ్ల తరబడి భార్యను కాపాడుకుంటున్న భర్తలూ ఉన్నారు. వాళ్లకు అందే సాయం చాలా తక్కువ. కానీ కొన్ని ఇళ్లలో కథ వేరు. నా జీతం ఏమవుతోందని ఆమె అడిగితే 'ఇవాళ మాత్ర వేసుకున్నావా?' అన్నదే జవాబు. పుట్టింటికి వెళ్తానంటే 'డోస్ పెంచమని చెప్పాలి' అంటాడు. చెయ్యి చేసుకున్నాడని చెబితే అత్తమామలు సరే, కన్నవాళ్లే నమ్మరు. జబ్బు నిజం కావడమే అతనికి బలం. విడిపోదామంటే 'పిచ్చిదానికి పిల్లల్ని ఏ కోర్టు ఇస్తుంది?' అంటాడు.

చట్టం మాత్రం అతని వైపు లేదు. లేనివి ఉన్నట్టు అనిపించే తీవ్రమైన మానసిక జబ్బు స్కిజోఫ్రెనియా ఉన్నంత మాత్రాన విడాకులు ఇవ్వలేమని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, కోర్టు తేల్చనిదే జబ్బు పేరుతో ఎవరినీ మతిస్థిమితం లేనివారిగా లెక్కించకూడదంటోంది. ఆమె స్వయంగా వచ్చి చేరితే తనంతట తాను డిశ్చార్జ్ కోరవచ్చు. పరీక్ష కోసం ఆపినా 24 గంటలే. ఇతరుల దరఖాస్తు మీద చేర్చుకోవాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా చూడాలి, మొదట 30 రోజులకు మించి ఉంచకూడదు. చేరింది మహిళ అయితే మూడు రోజుల్లో, ఇలాంటి చేరికలను పరిశీలించే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు తెలపాలి. వార్డులో ఫోన్ చేసుకునే హక్కు, ఉచిత న్యాయసహాయం కూడా ఉన్నాయి.

వీటన్నిటికంటే పనికొచ్చేది, ఎవరూ చెప్పనిది ఇంకొకటి ఉంది: నామినేటెడ్ ప్రతినిధి. తన తరఫున మాట్లాడేది ఎవరో రోగే తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టవచ్చు, వేలిముద్ర అయినా సరే. స్టాంపు పేపరు అక్కర్లేదు. అక్కనో, స్నేహితురాలినో, పాత టీచర్‌నో ఎంచుకోవచ్చు, తర్వాత మార్చుకోవచ్చు. ఆ కాగితం లేకపోతే ఆ స్థానం ముందుగా బంధువుకే వెళ్తుంది. మన ఇళ్లలో బంధువంటే భర్తేనని వేరే చెప్పాలా? ఆమె ఎవరి నుంచి తప్పించుకోవాలనుకుంటోందో ఆ మనిషే ఆమెను చేర్పించే దరఖాస్తు మీద సంతకం పెడతాడు.

ఈ కాగితం గురించి ఆస్పత్రి గోడ మీద తెలుగులో ఒక బోర్డు పెట్టడానికి పెద్ద బడ్జెట్ కావాలా? ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416, మహిళా హెల్ప్‌లైన్ 181 నంబర్లనూ దాని కిందే రాయవచ్చు. రోగిని ఐదు నిమిషాలు ఒంటరిగా పలకరించడాన్ని తెలుగు రాష్ట్రాలు రెండూ ప్రతి మానసిక వైద్యశాలలో తప్పనిసరి చేయాలి. డాక్టర్‌కు తీరిక లేకపోతే సోషల్ వర్కరో, నర్సో చేయవచ్చు. 'ఇంట్లో ఎవరంటేనైనా భయమా? నీ తరఫున ఎవరు మాట్లాడాలి?' అని అడిగి, వచ్చిన జవాబును కేస్‌షీట్‌లో రాయాలి. అడిగేటప్పుడు భర్త వరండాలో ఉండాలి, ఆమె ఫోను ఆమె చేతిలో ఉండాలి.