‘ఇప్పుడే కొనేద్దామా, ఆగుదామా మామా?’

నిన్న రాత్రి మా అల్లుడు ఫోన్ చేశాడు. అక్క కొడుకు, రంగంపేట వైపు కాలేజీలో బీటెక్ మూడో ఏడాది. "మామా, డెస్క్‌టాప్‌కి ప్రాసెసర్ ఇప్పుడే కొనేద్దామా? ఈ 2026 ఆఖర్లో ఇంటెల్ వాళ్లది నోవా లేక్ వస్తాదంట, అంతవరకు ఆగుదామా?" అన్నాడు. పోయిన ఏడాది జూన్‌లో కూడా వాడు ఇదే అడిగాడు. అప్పుడు వాడి నోట్లో ఇంకో పేరు ఉండింది. ఈ మధ్యలో వాడు చేసిందేమిటంటే, హాస్టల్లో స్నేహితుడి సిస్టమ్ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని రాత్రి పదకొండు దాకా కాచుకొని కూర్చోవడం. ప్రాజెక్టు పని అంతా అలాగే చేస్తున్నాడు.

ఫోన్లో వాడికి సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నా. ఎందుకంటే ఈ ఆగడమనే జబ్బు నాకు ఎనిమిదేళ్లు ఉండింది.

నాది కొర్లగుంటలో చిన్న ఎడిటింగ్ రూము. పెళ్లి వీడియోలు, ఆల్బమ్‌లు. తిరుపతిలో ఈ పనికి కరువు లేదు. మన జిల్లా వాళ్లే కాదు, తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి, హైదరాబాద్ నుంచి స్వామి పాదాల దగ్గర పెళ్లి చేసుకోవాలని వస్తారు. ముహూర్తాలు పడ్డాయంటే మూడు నెలలు నిద్ర ఉండదు.

2017 జూన్‌లో ఇంటెల్ ఏడో జనరేషన్ ప్రాసెసర్ ఐ7-7700 కొన్నాను. పొద్దున్నే చెన్నై బస్సెక్కి, రిచీ స్ట్రీట్ అంతా తిరిగి, సాయంత్రం కేబినెట్ ఒళ్లో పెట్టుకొని వచ్చాను. నాలుగు కోర్లు, అంటే లోపల పని చేసే నాలుగు భాగాలు. ఒకేసారి ఎనిమిది పనులు (థ్రెడ్లు) నడుస్తాయి. మా లైన్లో అంత మంచి సిస్టమ్ నాదే అని చెప్పుకునేవాణ్ణి. అక్టోబరు వచ్చేసరికి ఎనిమిదో జనరేషన్ దిగింది. ఐ7-8700కి ఆరు కోర్లు, ధర దాదాపు అంతే. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ పేరు కూడా అదే, ఎల్‌జీఏ1151. కానీ నా మదర్‌బోర్డులో అది పని చేయదు. పదేళ్లుగా మామూలు జనాలకు నాలుగు కోర్లకు మించి ఇవ్వని ఇంటెల్, ఆ ఏడాది మార్చిలో దాని పోటీ కంపెనీ ఏఎండీ ఎనిమిది కోర్ల రైజెన్ ప్రాసెసర్ దించాక కదిలింది. ఆ కదలిక నేను డబ్బు కట్టిన నాలుగు నెలలకు వచ్చింది. కడుపు మండిపోయింది. ఇంకెప్పుడూ తొందరపడకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నా.

ఆ అనుకోవడమే నన్ను ముంచింది. 2019లో రైజెన్ 3000 వచ్చింది. వచ్చే ఏడాది ఇంకా బాగుంటుందన్నారు, ఆగాను. 2020 నవంబరులో రైజెన్ 5000 వచ్చింది, నిజంగానే బాగుంది. కరోనా, పెళ్లిళ్లు లేవు, చేతిలో డబ్బు లేదు. ఆ ఒక్కసారీ నా కారణం న్యాయమైనదే. 2021 నవంబరులో ఇంటెల్ 12వ జనరేషన్ వచ్చింది. కొత్త సాకెట్ కదా, కుదురుకోనీ అనుకున్నా. 2022 సెప్టెంబరులో ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5 వచ్చింది. దానికి కావాల్సిన కొత్త రకం డీడీఆర్5 ర్యామ్ ధర తగ్గనీ అనుకున్నా. తగ్గింది. బాగా తగ్గింది. అప్పుడూ కొనలేదు, 14వ జనరేషన్ చూద్దామని. 2024లో కోర్ అల్ట్రా అన్నారు, రైజెన్ 9000 అన్నారు. ప్రతి ఏడూ ఒక కొత్త పేరు, నా దగ్గర ఒక కొత్త కారణం.

పోయిన కార్తీక మాసంలో పుత్తూరు వాళ్ల పెళ్లి ఒకటి వచ్చింది. తెల్లవారుజామున ముహూర్తం, అదే రోజు రాత్రి ఏడున్నరకు రిసెప్షన్. రిసెప్షన్‌లో ఎల్‌ఈడీ స్క్రీన్ మీద పొద్దుటి పెళ్లి నాలుగు నిమిషాల వీడియోగా పడాలి. సేమ్ డే ఎడిట్ అంటాం మేము. ఈ మధ్య అందరూ అడుగుతున్నది ఇదే, డబ్బు మిగిలేదీ ఇందులోనే. మూడు కెమెరాల కార్డులు పది గంటలకు నా చేతికి వచ్చాయి. తొమ్మిది గంటల టైమ్ ఉందనుకున్నా.

తలంబ్రాల షాట్ దగ్గర ఇరుక్కుపోయాను. పెళ్లికూతురు రెండు చేతులూ పైకెత్తింది, బియ్యం దోసిట్లోంచి జారాయి, గాల్లోనే నిలబడిపోయాయి. స్క్రీన్ కదలదు. మూడు సెకన్ల తర్వాత చూస్తే బియ్యం పెళ్లికొడుకు తల మీద ఉన్నాయి, అమ్మాయి నవ్వు అయిపోయింది. ఆ నవ్వు ఏ ఫ్రేములో మొదలైందో పట్టుకుంటేనే కదా అక్కడ కట్ చేయగలను! మళ్లీ వెనక్కి లాగాను. మళ్లీ గాల్లో బియ్యం. టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ 100 శాతం. ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం తేలికైన కాపీలు, చేసుకుందామంటే అందుకే మూడు గంటలు చూపిస్తోంది. సాయంత్రం ఆరింటికి పెళ్లికూతురు నాన్నగారు ఫోన్ చేశారు. "అయిపోయిందా బాబూ?" అని ఎంత నెమ్మదిగా అడిగారంటే, తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. ఆ రాత్రి స్క్రీన్ మీద ఫొటోలు తిప్పారు. రెండో అమ్మాయి పెళ్లి కూడా నాకే అన్నారు ముందు. ఆ తర్వాత ఫోన్ రాలేదు.

ఇక్కడ ఒక విషయం వివరంగా చెప్పాలి. నాలాంటి చాలామందికి ఇది తెలియదు, నాకూ ఆ రాత్రి తర్వాతే బుర్రకెక్కింది. నా ప్రాసెసర్ ఆగిపోయింది కోర్లు తక్కువై మాత్రమే కాదు. ఇప్పుడొచ్చే మిర్రర్‌లెస్ కెమెరాలు 4కే వీడియోని హెచ్.265లో, 10 బిట్, 4:2:2 అనే పద్ధతిలో రికార్డు చేస్తాయి. రంగు బాగా నిలుస్తుందని మేమే ఆ సెట్టింగ్ పెట్టుకుంటాం. కానీ ఆ ఫైలు చిక్కుముడి లాంటిది. దాన్ని విప్పడానికి చిప్‌లోనే ప్రత్యేకంగా ఒక భాగం ఉండాలి. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో 11వ జనరేషన్ నుంచి, లోపలి గ్రాఫిక్స్‌లో ఉండే క్విక్ సింక్ ఆ పని చేస్తుంది. నా ఏడో జనరేషన్‌కీ క్విక్ సింక్ ఉంది కానీ 4:2:2 దానికి రాదు. అందుకే భారమంతా కోర్ల మీద పడింది. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుల్లో అయితే 2025 జనవరిలో తెచ్చిన 50 సిరీస్‌తోనే ఇది మొదలైంది. నా పాత కార్డుకి ఆ ముచ్చట లేదు.

అంటే నా పనికి కావాల్సిన వస్తువు 2021 నుంచీ బజారులో ఉంది! నేను మాత్రం ఎవరి ప్రాసెసర్ ఏ గేములో ఎన్ని ఫ్రేములు ఎక్కువ ఇస్తోందో చూసుకుంటూ, రాబోయేదాని కోసం రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నా. నేను గేములే ఆడను.

మా వీధిలో ఇంకో ఎడిటర్ ఉన్నాడు, నాకంటే చిన్నవాడు. వాడు ఆగలేదు, కానీ ఒక షాపువాళ్లు చివర ఎఫ్ అని ఉన్న ప్రాసెసర్ అంటగట్టారు. రెండు వేలు తక్కువ అన్నారంతే. ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ ఉండదని, క్విక్ సింక్ కూడా దాంతోపాటే పోతుందని ఒక్క మాట చెప్పలేదు. గ్రాఫిక్స్ కార్డు వేసుకునే గేమర్‌కి ఎఫ్ మంచి బేరమే. పెళ్లి వీడియోల వాడికి ఆ రెండు వేలు చాలా ఖరీదైన రెండు వేలు. కొనేముందు మీరు రోజూ ఏ ఫైలు తెరుస్తారో, ఏ సాఫ్ట్‌వేర్‌లో కూర్చుంటారో కాగితం మీద రాసుకోండి. షాపుకి ఆ కాగితం పట్టుకొని వెళ్లండి.

ఇక ధరల సంగతి. ఆగితే తగ్గుతుంది అనేది మన ఇళ్లల్లో అందరి నమ్మకం. ప్రాసెసర్ వరకు చాలాసార్లు నిజమే. కానీ ప్రాసెసర్ ఒక్కదాన్ని తెచ్చి ఏం చేసుకుంటాం? బోర్డు కావాలి, ర్యామ్ కావాలి. 2025 ఆగస్టులో నేను చూసిపెట్టుకున్న డీడీఆర్5 ర్యామ్ డిసెంబరుకి రెండింతలు దాటిపోయింది. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ అంతా అటు పోతోంది. ప్రపంచంలో ర్యామ్ చిప్పులు చేసే పెద్ద కంపెనీలు మూడే, శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. వాటిలో మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నామని 2025 డిసెంబరులో ప్రకటించింది. మనం ప్రాసెసర్ మీద నాలుగు వేలు తగ్గుతుందని ఆగితే, ర్యామ్ దగ్గర అంతకు ఎన్నో రెట్లు పోతోంది. మనమేమో పెట్టె మీద ప్రాసెసర్ ధరే చూస్తూ ఉంటాం.

ఆగిన వాళ్లకు మేలు జరిగిన సందర్భం లేదా అంటే ఉంది, అది దాచను. ఇంటెల్ 13, 14 జనరేషన్లలో పెద్ద ప్రాసెసర్లు కొన్ని అవసరానికి మించిన వోల్టేజీ అడిగి తమను తామే పాడు చేసుకున్నాయి. 2024 ఆగస్టులో మైక్రోకోడ్ (చిప్‌ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) సరిచేసి, వారంటీ ఇంకో రెండేళ్లు పెంచారు. అప్పటికే దెబ్బతిన్న చిప్ మాత్రం అప్‌డేట్‌తో బాగుపడదు. 2023 ఏప్రిల్‌లో రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని బోర్డుల మీద కాలిపోయాయి, తర్వాత బోర్డు సాఫ్ట్‌వేర్ బయోస్‌లో వోల్టేజీకి 1.3 వోల్టుల దగ్గర హద్దు పెట్టారు. కాబట్టి వచ్చిన మొదటి నెలలోనే ఎగబడొద్దంటే ఒప్పుకుంటాను. వచ్చినదాన్ని మూడు నాలుగు నెలలు గమనించడం జాగ్రత్త. ఇంకా రానిదాని కోసం చేతిలో పని వదులుకోవడాన్ని నేను జాగ్రత్త అనను, ఎవరు అన్నా ఒప్పుకోను. నోవా లేక్ ఏడాది చివర్లో అని ఇంటెలే చెప్పింది. వచ్చాక ఆ మూడు నెలలూ కలుపుకుంటే వచ్చే ఎండాకాలం. అల్లుడి చదువు అప్పటికి ఆఖరుకొస్తుంది.

నేను డిసెంబరులో కొన్నాను. మూఢం, పెళ్లిళ్లు లేవు. "మూఢంలో కొత్త వస్తువు తెస్తావా" అని అమ్మ గొణిగింది. పనిముట్టుకు మూఢమేంటమ్మా, పని లేనప్పుడే కదా బిగించుకోవాలి అన్నాను. కొన్నది ఐ7-12700, చివర ఎఫ్ లేనిది. అవును, 2022 జనవరిలో వచ్చిన ప్రాసెసరే. విన్నవాళ్లంతా నాలుగేళ్ల పాతది ఎందుకన్నారు. ఎనిమిది పెద్ద కోర్లు, నాలుగు చిన్న కోర్లు, 4:2:2 విప్పే గ్రాఫిక్స్ లోపలే ఉంది. ఆ వోల్టేజీ గొడవ 12వ జనరేషన్‌కి లేదు. అన్నిటికన్నా ముఖ్యం, పాత రకం డీడీఆర్4 ర్యామ్ పట్టే బోర్డు దొరుకుతుంది. నా పాత సిస్టమ్‌లోని 32 జీబీ ర్యామ్ తీసి ఇందులో పెట్టేశాను. వేగం తక్కువదే, తెలుసు. ఇప్పటి రేట్లలో ర్యామ్ కొనకుండా బయటపడ్డానంటే నాకు అదే పండగ. పాత ఏడో జనరేషన్‌ని విండోస్ 11 ఎలాగూ ఒప్పుకోదు, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆపేశారు. కస్టమర్ల పెళ్లిళ్లన్నీ దాచిపెట్టుకున్న సిస్టమ్‌ని అలా వదిలేయలేం కదా.

బిల్లుతోనే కొన్నాను. బిల్లు వద్దంటే జీఎస్టీ 18 శాతం తగ్గిస్తామన్న షాపులూ తగిలాయి. రేపు వారంటీ అడగాలంటే ఏ కాగితం చూపిస్తాం? పెట్టె లేకుండా విడిగా ఇచ్చే ట్రే ప్రాసెసర్ల దగ్గర కూడా ముందు వారంటీ ఎవరిస్తారు, ఎన్నేళ్లు అని అడగండి.

బిగించిన రోజు మొదట తెరిచింది పుత్తూరు వాళ్ల ప్రాజెక్టే. తలంబ్రాల షాట్. బియ్యం జారాయి, పడ్డాయి, అమ్మాయి నవ్వింది. ఎక్కడా ఆగలేదు. నవ్వు మొదలైన ఫ్రేము రెండు సెకన్లలో పట్టుకున్నా. ఆ నాలుగు నిమిషాల వీడియో అప్పుడు పూర్తి చేసి, డబ్బు అడక్కుండా వాళ్లకు పంపించాను. చూశారు, రెండు నీలం టిక్కులు పడ్డాయి, అంతే.

అల్లుడూ, నీ పని వేరు, నా ప్రాసెసర్ నువ్వు కొనాల్సిన పని లేదు. నీకు కోడింగ్, కాస్త గేములు. రైజెన్ 5 7600 తీసుకో. ఆరు కోర్లు, కూలర్ పెట్టెలోనే వస్తుంది, చిన్న గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది కాబట్టి కార్డు తర్వాత కొనుక్కోవచ్చు. ఏఎం5 సాకెట్‌ని 2027 దాకా, ఆపైన కూడా నడుపుతామని ఏఎండీ చెప్పింది. ఉద్యోగం వచ్చాక అదే బోర్డు మీద పెద్దది వేసుకుంటావు. ర్యామ్ ఇప్పటికి 16 జీబీ ఒక్క స్టిక్ చాలు. ఒక్క స్టిక్‌తో కొంచెం నెమ్మదిస్తుంది, గేముల్లో తెలుస్తుంది, నీ ప్రాజెక్టుకి అడ్డం రాదు. ధర దిగాక రెండోది చూద్దాం. శనివారం పొద్దున్నే రూముకి రా, ఇద్దరం కలిసే పోదాం. నా పాత కేబినెట్, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ తుడిచి పక్కన పెట్టాను. ఆ రెండింటికీ డబ్బు పెట్టకు.