తూలే అడుగును ముందే గుర్తించాలి

ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా శ్రీకాకుళం జిల్లాలో ఏ పల్లెకు వెళ్లినా, బతుకుతెరువు కోసం పిల్లలు హైదరాబాద్‌కో, చెన్నైకో, గుజరాత్ రేవులకో వెళ్లిపోగా ఇంటికి కాపలాగా మిగిలిన వృద్ధులు కనిపిస్తారు. వేకువన నుయ్యి గట్టు మీద కాలు జారి తుంటి ఎముక విరిగిన తల్లిని పక్కింటివారు చూసేదాకా లేవదీసే దిక్కుండదు. ఆ తర్వాత చాలామందికి మంచమే గతి అవుతోంది. దీన్ని వయసు మీద పడినందుకు తప్పని అనర్థంగా సరిపెట్టుకోవడాన్ని మేము అంగీకరించలేము. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్లనే మరణిస్తున్నారు. వారిలో 80 శాతానికి పైగా మనవంటి అల్ప, మధ్యాదాయ దేశాలవారే.

కళ్లు, లోపలి చెవి, పాదాల స్పర్శ కలిసి పంపే కబురును బట్టి మెదడు శరీరాన్ని నిలబెడుతుంది. శుక్లాలు, మధుమేహం తెచ్చే తిమ్మిరి, కండరాల నీరసం ఆ పట్టును సడలిస్తాయి. తగిన వ్యాయామంతో పడిపోవడాలు సుమారు 23 శాతం తగ్గుతాయని వైద్య పరిశోధనల ఫలితాలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ 2019 నాటి సమీక్ష తేల్చింది. అయితే వ్యాయామం మరీ తేలికైతే ఫలితం ఉండదు, మరీ కష్టమైతే అదే ప్రమాదం తెస్తుంది. ఎవరికి ఎంత తగునో చూసి చెప్పే ఫిజియోథెరపిస్టు పల్లెల్లో దొరకడం అరుదు.

ఈ లోటును పూడ్చే ప్రయత్నం అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల సాగుతోంది. నడుముకు కట్టుకునే చిన్న సెన్సర్లు, మనిషి ఒంటికాలిపై నిలిచినప్పుడో, కళ్లు మూసుకుని నిలిచినప్పుడో ఒళ్లు ఎటు, ఎంత వేగంగా ఊగుతున్నదో నమోదు చేస్తాయి. అదే సమయంలో నిపుణులు వేసిన మార్కులతో ఆ లెక్కలను పోల్చి నేర్చుకున్న కృత్రిమ మేధ, నిపుణులు పక్కన లేనప్పుడు కూడా తూలును అంచనా కట్టగలుగుతుంది. అటువంటి సెన్సర్లు మన స్మార్ట్‌ఫోన్లలోనూ ఉన్నాయి కనుక ఇది మనకు అందని వస్తువు కాదు.

కానీ బూట్లతో చదును నేల మీద నడిచేవారిని చూసి నేర్చిన యంత్రానికి, వట్టికాళ్లతో పొలం గట్టు మీద నడిచే, నేల మీద కూర్చుని మోకాలిపై చేయి ఆనించి లేచే మన పెద్దల కదలిక ఎలా తెలుస్తుంది? వారి అనుమతితో, వారి వివరాలకు రక్షణ కల్పిస్తూ ఇక్కడి కొలతలే సేకరించాలి. మూత్రపిండాల వ్యాధి ఎముకలనూ బలహీనపరుస్తుంది కాబట్టి, ఆ వ్యాధి ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతపు రోగులు వచ్చే పలాస ఆసుపత్రిలోనే ఆ పని మొదలుపెట్టాలని మేము కోరుతున్నాము.

యంత్రం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర లేదు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ముప్పున్నట్టు లెక్క. ఈ పరీక్షను ఆశా కార్యకర్తలకు నేర్పించవచ్చు. ప్రతి నెలా ఒకటో తేదీన పింఛను పట్టుకుని ఇంటి గుమ్మం దాకా వెళ్లే సచివాలయ సిబ్బంది, గత నెలలో ఎక్కడైనా తూలి పడ్డారా అని పెద్దలను అడిగి, ఆ జవాబును ఆరోగ్య కేంద్రానికి చేరవేసేలా జిల్లా యంత్రాంగం వచ్చే నెల నుంచే ఆదేశాలు ఇవ్వాలి.