పెట్టె మీద మూడక్షరాలకు చోటు లేదా?

మహారాజశ్రీ ఎస్‌ఎంఆర్ హార్డ్ డిస్కు గారికి, నల్గొండ గడియారం సెంటరు దగ్గరి పెళ్లి వీడియోల స్టూడియో నుంచి నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం, మా సర్వర్లు తప్ప. నిన్న మధ్యాహ్నమంతా మిర్యాలగూడ నుంచి వచ్చిన పెళ్లికూతురి మేనమామ మా సోఫాలో కూర్చుని తమరి దయ కోసం ఎదురుచూశారు. చెడిపోయిన డిస్కు స్థానంలో మిమ్మల్ని బిగించాం. అదే కంపెనీ, అదే 8 టీబీ. "డిస్కు డిస్కే సార్, తేడా ఏముంటుంది" అన్నాడు అమ్మినవాడు. మొదట్లో మీరు పరుగులే తీశారు. వచ్చిన డేటాను తాత్కాలికంగా దించుకోవడానికి క్యాషే పేరుతో అట్టిపెట్టుకున్న జాగా నిండగానే చతికిలబడ్డారు.

మీ ఇబ్బంది మాకు తెలియనిది కాదు. ఎక్కువ డేటా పట్టాలని డేటా రాసుకునే వరసలను, ట్రాకు అంచు మీద ట్రాకు ఎక్కించి, పెంకుటింటి కప్పులా పేర్చుకున్నారు. మీ పేరులోని ఎస్‌ఎంఆర్ అంటే అదే. మధ్యలో ఒకటి మార్చాలంటే పక్కవన్నీ లేపి మళ్లీ కప్పాలి. ఒంటరిగా ఉంటే మీ తంటాలు మీరు పడేవారు. కానీ డేటాను వేర్వేరు డిస్కుల్లో మూడు ప్రతులుగా దాచే మా సాఫ్ట్‌వేర్ సెఫ్, ఆ మూడూ రాసేదాకా "అయింది" అనదు. మీరొక్కరు ఆగితే మీతో జతపడిన డిస్కులన్నీ పని మానుకుని నిలబడాల్సిందే.

మిగతావాళ్లు మహా గొప్పవాళ్లని కాదు. డిస్కుకు 4 జీబీ చొప్పున మెమరీ కోరే ఆ సెఫ్‌కు ఆరు డిస్కుల సర్వర్‌లో మొత్తం 8 జీబీ విదిల్చిన కొటేషనుకు వేరే ఉత్తరం రాస్తాను. 1 గిగాబిట్ నెట్‌వర్క్ స్విచ్చి ఒళ్లు వంచి పనిచేసినా 1 టీబీ దాటించడానికి రెండు గంటల పైనే తీసుకుంటుంది. కరెంటు పోతే ఆఖరి రాతను కాపాడే కెపాసిటర్లు లేని ఎస్‌ఎస్‌డీకి మా మే నెల సంగతి ఎవరూ చెప్పలేదు. అయినా వాళ్ల గుణాలు కాగితం మీద చూస్తేనే తెలిసిపోతాయి.

నువ్వు మాత్రం దాచావు. పెట్టె మీద సామర్థ్యం రాశావు, వారంటీ రాశావు, తడి తగలకూడదని గొడుగు బొమ్మ కూడా వేయించుకున్నావు. ఎస్‌ఎంఆర్ అనే మూడక్షరాలకే చోటు చాలలేదా? 2020లో ఈ గుట్టు రట్టయినప్పుడు తయారీదార్లే ఒప్పుకుని మోడళ్ల జాబితాలు బయటపెట్టారు కదా! ఇన్నేళ్ల తర్వాత కూడా భూతద్దం పెట్టి మోడల్ నంబరు చదువుకుని ఆ జాబితాల్లో వెతుక్కోవడం కొనేవాడి ఖర్మేనా? అడిగిన ధర ఇచ్చాక సరుకు ఏమిటో చెప్పడానికి నీకేం నొప్పి?

ఒకసారి రాసి మళ్లీ ముట్టని పాత పెళ్లిళ్ల బ్యాకప్పులకు నువ్వు బాగానే పనికొస్తావు, కాదనను. రేపు నిన్ను ఊడదీసి ఆ అలమారకే పంపుతున్నాను. నీ కంపెనీ రాయని నుదుటిరాత మార్కరు పెన్నుతో నేనే రాసి పంపుతాను.

ఇట్లు,
స్టూడియో సర్వర్ల కాపలాదారు