వైన్ సీసా వెనుక లేబుల్ గారికి విన్నపం

మహారాజశ్రీ లేబుల్ గారికి అనంతపురం నుండి ఒక వినియోగదారుడు నమస్కరించి వ్రాయునది.

మొన్న ఆదివారం మధ్యాహ్నమంతా తమరిని చదవడంలోనే గడిచిపోయింది. ఎర్ర వైన్ మిశ్రమం ఒకటి, తెల్లది ఒకటి తెచ్చి, మా బావమరిదితో కలిసి తీరిగ్గా రుచి చూడాలని కూర్చున్నాను. ఎర్రదాని మొదటి గుక్కలోనే నేరేడుపండు వగరు చిగుళ్ళను పట్టుకుంది. వెనుకనే మిరియాల ఘాటు లాంటిదేదో గొంతు దాకా వచ్చింది. "బావా, ఇందులో షిరాజ్ ద్రాక్ష ఎక్కువ పడింది, కావాలంటే రాసిస్తా" అన్నాడతను. ఆ వగరు మరో ద్రాక్ష రకమైన కాబెర్నే సావిన్యాన్‌దేనని నేను పట్టుబట్టాను. పంచాయితీ తమరి దగ్గరికి వచ్చింది. సీసా తిప్పి చూస్తే తమరు ఇచ్చిన తీర్పు ఇదీ: "ఎంపిక చేసిన ఉత్తమ ద్రాక్షల మేలుకలయిక."

అయ్యా, ఎవరు ఎంపిక చేశారు? వేటిని? ఏది ఎంత కలిపారు?

మిశ్రమ వైన్‌ను ఆస్వాదించడమంటే అందులో ఏ ద్రాక్ష ఏ పని చేసిందో నాలుకతో పట్టుకోవడమే. ఫ్రాన్స్ వైన్ సీమ బోర్డోలో కాబెర్నే వగరునూ, ఏళ్ళ తరబడి నిలిచే సత్తువనూ ఇస్తే, మెర్లో అనే ద్రాక్ష మెత్తదనాన్నీ నిండుతనాన్నీ ఇస్తుంది. మెర్లో ముందుగా పండుతుంది, కాబెర్నే ఆలస్యంగా పండుతుంది కనుక వానో, గడ్డకట్టే మంచో ఒకదాన్ని దెబ్బతీసినా రెండోది ఆదుకుంటుందన్న రైతు లెక్క కూడా ఆ కలయికలో ఉంది. వానను నమ్మి చెనిక్కాయ విత్తే జిల్లాలో ఆ లెక్కను ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. మా రైతు డీఏపీ ఎరువు బస్తా కొంటే దాని మీద ఏ పోషకం ఎంత శాతమో 18-46-0 అని స్పష్టంగా అచ్చువేసి ఉంటుంది. మట్టిలో చల్లేదానికి దక్కిన ఆ మర్యాద నోట్లో పోసుకునేదానికి ఎందుకు దక్కలేదు?

బోర్డో సీసాల మీద కూడా చాలావాటికి శాతాలు ఉండవని తమరు వాదించవచ్చు. నిజమే, కానీ అక్కడ ఊరి పేరే సగం సమాధానం చెబుతుంది. మెడాక్ అని ఉంటే కాబెర్నే వైపు మొగ్గు ఉంటుందనీ, పొమెరోల్ అని ఉంటే మెర్లో వైపు మొగ్గు ఉంటుందనీ తెలిసినవాళ్ళు ఊహించగలరు, ఏ రకాలు వాడవచ్చో నిబంధనలే చెబుతాయి. ఉత్తర రోన్‌లోని కోట్ రోటీలో సిరా అనే ఎర్ర ద్రాక్షతో (షిరాజ్‌కే మరో పేరు) తెల్ల వియోనియే 20 శాతం దాకా చేర్చవచ్చునని రాసిపెట్టుకున్నారు. ఎర్ర వైన్, తెల్ల వైన్ కలిపి రోజే (గులాబీరంగు వైన్) అని అమ్ముకోనిద్దామని 2009లో యూరోపియన్ కమిషన్ ప్రతిపాదిస్తే ఫ్రాన్స్ ఉత్పత్తిదారులు మండిపడి ఆ ప్రతిపాదనను వెనక్కి తీసుకునేలా చేశారు. కలపడమంటే అక్కడ అంత పట్టింపు. తమరి సీసా మీద ఊరూ లేదు, రకమూ లేదు, అంకే లేదు. విశేషణాలు మాత్రం నాలుగు వరుసలు ఉన్నాయి.

ఆ విశేషణాల సంగతి పొడిగించను. తమరు చెప్పిన బ్లాక్ కరంట్ అంటే మాకు తెలిసినది ఐస్‌క్రీం రంగు ఒక్కటే, దేవదారు చెక్కను వాసన చూసినవాడు మా వీధిలో లేడు. "గది ఉష్ణోగ్రత వద్ద సేవించండి" అన్నారు; ఎర్ర వైన్‌కు కావలసినది 16 నుంచి 18 డిగ్రీలు, మే నెలలో మా గది 38 దాటుతుంది. కాల్చిన మాంసంతో బాగుంటుందన్నారు గానీ, నాటుకోడి పులుసు కారం మీద ఆ వగరు పడితే నోటి మంట రెట్టింపవుతుందన్న హెచ్చరిక ఎక్కడా లేదు.

తెల్లది ఫ్రిజ్‌లోంచి తీశాక నా కోపం మరో దారి పట్టింది. నిమ్మతొక్క వాసన, అప్పుడే కోసిన పచ్చగడ్డి పరిమళం తెల్ల ద్రాక్ష రకమైన సావిన్యాన్ బ్లాంక్‌ను పట్టిచ్చాయి. దాని కింద, పులుపును దుప్పటి కప్పినట్లు కమ్మే నునుపు ఒకటి ఉంది. బోర్డో తెల్లవాటిలో ఆ పని సెమియోన్ అనే ద్రాక్ష చేస్తుంది. ఇక్కడ ఎవరు చేశారు? మా బావమరిది షెనిన్ బ్లాంక్ అన్నాడు, నేను కాదనలేకపోయాను, అవుననలేకపోయాను. బాగుంది, నిజంగా బాగుంది. నన్ను దహించేది అదే. పాడు వైన్ అయితే పారబోసి ఊరుకునేవాణ్ణి. ఇంత పొందికగా కలిపినవాడి పనితనాన్ని పేరు పెట్టి మెచ్చుకోనివ్వకుండా అడ్డుపడ్డది తమరే.

ఇక మర్యాదలు చాలు. దాచడానికి ఏముంది మీ దగ్గర? రెండు పేర్లు, రెండు అంకెలు. బంగారు సిరాతో కొండల బొమ్మ వేసిన చోటులో పదోవంతు చాలు.

జవాబు త్వరగా పంపండి. ఎర్ర వైన్ సగం మిగిలింది, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టాను. తెరిచిన సీసా నాలుగైదు రోజులకు మించి రుచి నిలుపుకోదు, మా పంచాయితీ ఇంకా తేలలేదు.

ఇట్లు,
అనంతపురం వినియోగదారుడు